మా పరెసూజ్

లిమరిక్,
అక్టోబరు, గురువారం సాయంత్రం

ఒసే రాజీ,

ఉత్తరం చూసి హడలిపోకు, ఎవరూ పోలేదు. ఫోనులో నీకు వినపడదు. నీకు వినపడేలా అరిస్తే మా కోడలికీ, మా వీధి వీధికీ వినపడుతుంది. ఇది వాళ్ళు వినకూడని సంగతి. అందుకని కాగితం.

మా విజేత చెడ్డ పిల్ల కాదు. కానీ ఇంటికెవరొచ్చినా "మా అత్తగారు. ఇంగ్లీషు రాదు" అని ఒక్క ముక్కలో నన్ను పరిచయం చేసేసేది. వాళ్ళు నాకేసి ఓ నవ్వు పారేసి, నన్ను గోడమీద పటంలా వదిలేసేవారు. పటానికి టీ ఇవ్వరుగా. మోకాళ్ళు పట్టుకుని మేడెక్కి నా గదిలో కూర్చునేదాన్ని. కింద నవ్వులు వినపడేవి. ఎందుకు నవ్వుతున్నారో తెలియనప్పుడు మనల్ని చూసే నవ్వుతున్నారనిపిస్తుంది కదే.

పోయిన నెల పక్కింటి ఐరిష్ ఆవిడ డీర్‌డ్రా వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. నేను మేడెక్కబోతూ ఎదురుపడ్డాను. ఏదో ఒకటి అనాలి. కంగారులో నోట్లోంచి "బొంజూర్, మదాం" అని ఊడిపడింది. డెబ్బై ఏళ్ళ కిందటి యానాం బడి ఎక్కడ దాక్కుందో! డీర్‌డ్రా కళ్ళు ఇంతింత చేసుకుంది. మా శ్యాం అందుకుని, మా అమ్మది ఫ్రెంచివాళ్ళ ఊరు, ఫ్రెంచి బడిలో చదువుకుంది అని చెప్పాడు. రెండో తరగతితోనే వాళ్ళు మూటా ముల్లే సర్దుకుని పోయారన్న సంగతి చెప్పలేదు. వాడికీ తెలీదనుకో.

అంతే! అప్పట్నుంచి గురువారం గురువారం ఈ వీధి ఆడవాళ్ళు నలుగురైదుగురు నా దగ్గర ఫ్రెంచి వినడానికి వస్తున్నారు. కిటికీ పక్క నీలం కుర్చీ నాదైపోయింది. విజేత నాకు ముందు టీ ఇచ్చి తరవాత వాళ్ళకిస్తోంది. నిన్న ఎవరితోనో ఫోనులో "మా అత్తగారు ఫ్రెంచ్ చదువుకున్నారు" అంది. "ఇంగ్లీషు రాదు" అన్న ముక్క ఎగిరిపోయింది!

అసలు చిక్కు ఇక్కడుంది. నాకొచ్చిన మాటలు గుప్పెడు. అవే తిప్పి తిప్పి అంటున్నాను. నువ్వు కాకినాడ కాలేజీలో ఫ్రెంచి పాఠాలు చెప్పినదానివి. నాలుగు నాజూకైన వాక్యాలు తెలుగు లిపిలో రాసి పంపు. కుర్చీ పోతే మళ్ళీ మేడే.

నీ గిరిజ

*

ములింగార్,
అక్టోబరు

గిరిజా,

నీ ఉత్తరం మా అమ్మాయి నీలిమ చేతిలో పడింది. "ఎవరమ్మా, పోస్టులో ఉత్తరం రాసే మనిషి ఇంకా ఉందా?" అని పురావస్తు శాఖవాళ్ళలా అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చింది.

నువ్వు ఆవేళ "నమస్కారమండీ" అని ఉంటే ఇంకా మేడమీదే ఉండేదానివి. నీ గొంతు అదే, మోకాళ్ళు అవే, చీర అదే. మాట మారేసరికి కుర్చీ వచ్చింది. ఫ్రెంచి అంత అందమైన భాషా అని అడుగుతావేమో. అడగవులే, నీకు వాక్యాలు కావాలి. అయినా చెబుతాను. జీతం ఆగినా పాఠం ఆగదు నాకు.

ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ అని ఒక రాజు. సవరం ఎత్తుగా, మడమలు ఎత్తుగా, ఖర్చు అన్నిటికన్నా ఎత్తుగా. ఐరోపాలో చిన్నా పెద్దా రాజులందరూ ఆయన భవనంలాంటిది కట్టుకున్నారు, ఆయన సవరంలాంటిది పెట్టుకున్నారు, ఆఖరికి ఆయన ముక్కుతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. రష్యా దొరసానులు పనివాళ్ళని రష్యన్‌లో తిట్టి, ప్రేమలేఖలు ఫ్రెంచిలో రాసేవారు. జర్మనీలో ఒక రాజుగారి పండితసభ "ఫ్రెంచి ప్రపంచభాష ఎందుకైంది?" అని వ్యాసరచన పోటీ పెట్టింది. ఆ రాజుగారికి సొంత జర్మన్ గుర్రాలతో మాట్లాడ్డానికే పనికొచ్చేది. ఇక బహుమతి ఎవరికి వస్తుంది, ఫ్రెంచిని పొగిడినవాడికి కాక!

ఇంగ్లీషు కూడా చూడు. కొట్టంలో ఉన్నంతసేపు ఆవు పేరు పాలేరు భాషలో, కౌ. కోసి పళ్ళెంలో పెడితే దాని పేరు ఫ్రెంచిలో, బీఫ్, ఎందుకంటే తినేవాడు ఫ్రెంచి మాట్లాడే దొర. నువ్వున్న ఈ ఐర్లాండులోనే ఆరువందల ఏళ్ళ కిందట ఒక చట్టం చేశారు, ఇంగ్లీషు దొరలెవరూ ఐరిష్ మాట్లాడకూడదని. ఆ చట్టం రాసింది ఏ భాషలో అనుకున్నావ్? ఫ్రెంచిలో. ఈసారి డీర్‌డ్రా ముచ్చట పడితే ఇది చెప్పు. వద్దులే, కుర్చీ పోతుంది.

మీ యానాం ఇంటి పెరట్లో పొగచూరిన వంటపాకని మీ అమ్మ "కుసిని" అనేది, జ్ఞాపకం ఉందా? అది పోర్చుగీసువాడు పారేసుకున్నదో ఫ్రెంచివాడు పారేసుకున్నదో గాని, డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో హోటళ్ళ గాజు తలుపుల మీద బంగారు అక్షరాలతో కనపడే "క్విజీన్" దానికి అక్కో చెల్లెలో. ఒక చెల్లెలికి మసి, ఒక చెల్లెలికి బంగారం. ఏ ఇంటి కోడలైందన్నదే తేడా.

వాక్యాలు వేరే కాగితం మీద రాశాను. వ్యాకరణం తప్పు లేదు. నిదానంగా పలుకు. పలకలేనిచోట దగ్గు.

రాజేశ్వరి

*

లిమరిక్,
నవంబరు

రాజీ,

నీ వాక్యాలు బ్రహ్మాండం! "తమ ఆదరణ నన్ను అమితంగా కదిలించినది" అన్నది అనేసరికి డీర్‌డ్రా గుండెమీద చెయ్యి వేసుకుంది. అది నాకు రొట్టెముక్క అందించింది, అంతే. లూయీగారి సంగతులు మాత్రం చదవలేదు, క్షమించు. కళ్ళజోడు మార్చాలి.

కానీ ఒకటి చెబుతాను, కుళ్ళుకోకు. వాళ్ళకి నీ వాక్యాలకంటే నా సొంత మాటే ఎక్కువ నచ్చింది. మన ఫ్రెంచి మేష్టారు ముస్యే గారు క్లాసు మొత్తంలో నన్నొక్కదాన్నే "మా పరెసూజ్" అనేవారు, గుర్తుందిగా? నేను గోదారి గట్టున పడవలు చూస్తూ రోజూ ఆలస్యంగా వచ్చేదాన్ని. గుమ్మంలో నన్ను చూడగానే పుస్తకం మూసి, చేతులు చాచి, "ఆఁ! మా పరెసూజ్!" అనేవారు. మా తల్లి, మా బంగారం అన్నట్టు. ఫ్రెంచి దొర అయ్యుండీ నాకోసం "మా" అని తెలుగు మాట కలిపి పిలిచేవారు చూడు, అదీ మర్యాదంటే! మా నాన్న కూడా నన్ను అంత ముద్దుగా పిలవలేదు. పురుళ్ళలో, మా ఆయన పోయినప్పుడు, ఈ దేశం విమానం ఎక్కినప్పుడు, మనసు బాగోలేనప్పుడల్లా ఆ మాట నాలో నేను అనుకునేదాన్ని.

ఇప్పుడు నేను డీర్‌డ్రాని అలా పిలుస్తున్నాను. అది మురిసిపోయి ఏం చేసిందనుకున్నావ్? ఇంటి వెనక అతిథులకి అద్దెకివ్వడానికి గదులు కట్టిస్తోందిలే, వాటికి పేరు పెట్టేసింది! నల్లరాతి పలక మీద తెల్ల అక్షరాలు, "మా పరెసూజ్." సంక్రాంతి నెలలో తెరుస్తుంది.

ఇంకో సంగతి. శ్యాం ఫ్యాక్టరీకి ఫ్రాన్సునుంచి ఒకావిడ ఇంజనీరుగా వచ్చింది, సొలాంజ్ అని. ఆవిణ్ణి జనవరిలో భోజనానికి పిలిచారు. డీర్‌డ్రా కూడా వస్తుంది. విజేత ఊరంతా చెబుతోంది, "మా అత్తగారితో మాట్లాడ్డానికే వస్తోంది" అని. రాజీ, అసలు ఫ్రెంచి మనిషే! నువ్వు వచ్చి పక్కన కూర్చో. నేను నవ్వుతాను, నువ్వు మాట్లాడు.

నీ గిరిజ

*

ములింగార్,
డిసెంబరు

గిరిజా,

వస్తాను. నీలిమ కారులో దింపుతానంది. ఆవిడతో నేను మాట్లాడతాను, నువ్వు ఆ నీలం కుర్చీలో కూర్చుని మహారాణిలా తల ఊపు. నీకు తెలుసా, ఆ లూయీగారి సభలో కుర్చీ ఆయనకొక్కడికే. ఆయన ఎదుట వెన్నులేని ముక్కాలిపీట మీద కూర్చునే హక్కు కోసం గొప్పింటి ఆడవాళ్ళు జీవితాలు ధారపోసేవారు. మిగతావాళ్ళు నిలబడి కాళ్ళు మార్చుకుంటూ చక్కటి ఫ్రెంచి మాట్లాడేవారు. నీకు వెన్నున్న కుర్చీయే దొరికింది, అదీ రెండో తరగతి చదువుతో.

ఆవిడ ఫ్రెంచిది కదా అని బెదరకు. ఆవిడ తాతముత్తాతలకీ ఆ భాష రాక ఉండొచ్చు. విప్లవం నాటికి ఆ దేశంలో సగం మందికి పైగా ఇంట్లో మాట్లాడుకునేది వేరే భాషలే. బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కచెప్పు కట్టేవారు. ఇక్కడ ఐరిష్ పిల్లల మెడలో కర్ర కట్టి, సొంత మాటకొక గాటు కర్రమీద పెట్టినట్టే. నాజూకు అలా వచ్చింది, బెత్తం దెబ్బకి.

ఇక నీ పలక సంగతి. చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఆ ఫ్రెంచావిడ మొదటి నిమిషంలో చెప్పేస్తుంది, పైగా నలుగురిలో. అందుకని నేనే చెబుతున్నాను.

ఫ్రెంచిలో "మా" అంటే "నా." అది తెలుగు "మా" కాదు. పరెసూజ్ అంటే సోమరిపోతు. ఆలస్యంగా వచ్చినందుకు ముస్యే గారు నిన్ను రోజూ క్లాసు ఎదుట "ఇదుగో నా సోమరిపోతు" అని తిట్టేవాడు. మిగతా నీ గుప్పెడు మాటలు కూడా నోర్ముయ్, లే, మూలకి పోయి నిలబడు, ఇవే.

డీర్‌డ్రా పలక మార్పించు.

రాజేశ్వరి

*

లిమరిక్,
డిసెంబరు

శ్రీమతి రాజేశ్వరి గారికి,

తమ ఉత్తరం అందింది. విషయం తెలిసింది.

పలక బిగించేశారు. మేకులు కాదు, సిమెంటు.

నాకు మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉన్నందున గురువారాలు మానేశాను. మేడమీద వెచ్చగానే ఉంది. కింద నీలం కుర్చీలో ఉతికిన బట్టల బుట్ట పెట్టుకుంటున్నారు. దానికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు.

అన్నీ తెలిసినవారు. ఈ ఒక్కటి తమ దగ్గరే ఉంచుకోవాల్సింది. డెబ్బై ఏళ్ళు దాచినవారు ఇంకో నాలుగేళ్ళు ఓపిక పట్టలేకపోయారు.

ఇట్లు,
గిరిజాకుమారి

*

ములింగార్,
జనవరి, వాన

గిరిజా,

"శ్రీమతి", "గారు", "తమ"! తెలుగులో కూడా మర్యాద ఎంత పదునుగా ఉంటుందో చూపించావు. ఆ సవరంవాడి సభలో నువ్వు బాగా నెగ్గుకొచ్చేదానివి.

ఇక్కడ అందరూ బావున్నారు. మా మనవడు ఆకాష్‌ని పరీక్షెలా రాశావురా అంటే "గ్రాండ్, అమ్మమ్మా" అంటాడు. మార్కులు చూస్తే గ్రాండేమీ కాదు. ఫ్రాన్సులో గొప్ప అని అర్థమున్న మాట ఈ దేశం వానలో నాని నాని "ఏదో, ఫరవాలేదు" అన్న అర్థానికి దిగిపోయింది. నాకు ఆ మాటంటే గౌరవం. తనెక్కడినుంచి వచ్చిందో ఊరంతా చెప్పుకోకుండా పని చేసుకుపోతుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు సంగతి రాయడం చేతకాక.

నేను క్లాసులో మొదటిదాన్ని. పలక చూపిస్తే ముస్యే గారు "బియ్యాఁ" అని వెనక్కి ఇచ్చేసేవాడు. బావుంది అని. నా ముఖం చూసేవాడు కాదు, పలకే చూసేవాడు. నువ్వు ఆలస్యంగా గుమ్మంలో నిలబడితే మాత్రం పుస్తకం మూసేవాడు. చేతులు చాచేవాడు. అది తిట్టే. కానీ తిట్టేటప్పుడు నవ్వేవాడు, అది నేను రాయలేదు. రాయాల్సింది.

నాకు ఆయన ఏ పేరూ పెట్టలేదు.

కిందికి దిగు. భోజనాల రోజుకి నేను వస్తున్నాను. ఆ బుట్ట తియ్యమను.

రాజేశ్వరి

*

లిమరిక్,
ఫిబ్రవరి

రాజీ,

నువ్వు రాలేదు. గాలివాన, రెడ్ వార్నింగు, రోడ్లు మూసేశారు, తెలుసు. నీలిమ ఫోను చేసింది. నీ లూయీ అయితే వచ్చేవాడా ఆ గాలికి, సవరం ఎగిరిపోదూ!

ఆవేళ నేను మేడమీదే ఉందామనుకున్నాను. సాయంత్రం విజేత పైకొచ్చింది. "మీరు రాకపోతే ఆవిడతో నేనేం మాట్లాడాలి అత్తయ్యా?" అంది. ఆ పిల్ల నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. దిగాను. బుట్ట లేదు. నేను చెప్పలేదు, తనే తీసింది.

సొలాంజ్ సన్నగా, పొడుగ్గా, వానకి తడిసిన కొంగలా వచ్చింది. గుమ్మంలోనే నవ్వుతోంది. పక్కింటి పలక చదివిందిట! "ఆ పేరు ఎవరు పెట్టారు?" అంది. డీర్‌డ్రా ఛాతీ పొంగించి నన్ను చూపించింది. అందరూ నాకేసి తిరిగారు. నా నాలిక మీద నీ వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. "తమ ఆదరణ" అన్నాను. ఆవిడ కనుబొమలెత్తి, ఎంతో మర్యాదగా, "ఇది పాతకాలం రేడియో వార్తల్లో మాట్లాడినట్టుంది. ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. విజేత తర్జుమా చేసింది. నీకు చెప్పక తప్పదు కదా మరి, వ్యాకరణం తప్పు లేదన్నావు!

అప్పుడు నాకు విసుగొచ్చేసింది. తెలుగులోకి దిగాను. "విజేతా, చెప్పు వీళ్ళకి. నేను చదివింది రెండో తరగతి. నాకొచ్చినవన్నీ తిట్లే. ఆ పలకమీద ఉన్నది సోమరిపోతు అని. నన్నలా తిట్టేవారు, నేను ముద్దనుకున్నాను. డీర్‌డ్రాని కూడా ముద్దుగానే పిలిచాను. పలక పగలగొట్టేయమను."

విజేత నాకేసి చూసింది, వాళ్ళకేసి చూసింది. ఇంగ్లీషులో చెప్పింది. నేను చెప్పినంతా చెప్పింది, ఒక్క ముక్క మింగకుండా.

తరవాత డీర్‌డ్రా నవ్వడం మొదలెట్టింది చూడూ, కిటికీ అద్దాలు అదిరాయి! "పొద్దున పది దాకా పడుకోవడానికి జనం డబ్బిచ్చి వచ్చే ఇంటికి ఇంతకన్నా మంచి పేరేముంది? దిస్ ఈజ్ గ్రాండ్!" అంది. సొలాంజ్ కూడా అంతే, ఫ్రాన్సులో అయితే ఈ పేరుకే గది అద్దె పెంచేసేవారంది. సోమరిపోతని తెలుగులో రాసిపెడితే కుక్క కూడా రాదు కదే. ఫ్రెంచిలో బద్ధకం కూడా షోకే!

నీ చెక్కచెప్పు సంగతి అడిగాను. ఆవిడ నవ్వు ఆగింది. ఆవిడది ఫ్రాన్సులోనే వేరే భాష మాట్లాడే బ్రిటనీ అట, ఆవిడ మామ్మ మెడలోనే కట్టారట. ఆ ముసలావిడ చచ్చేదాకా కోళ్ళతో తప్ప సొంత భాష మాట్లాడలేదట. డీర్‌డ్రా అందుకుంది. పన్నెండేళ్ళు బడిలో ఐరిష్ చదివితే తనకి మిగిలింది ఒకే ఒక్క వాక్యం అని, లేచి నిలబడి, రాగం తీసి చెప్పింది. సొలాంజ్ కళ్ళు మూసుకుని, "ఎంత సంగీతం! పద్యమా?" అంది. డీర్‌డ్రా అర్థం చెప్పింది. "నేను బాత్‌రూముకి వెళ్ళి రావచ్చునా?" అనిట!

అప్పుడు నవ్విన నవ్వు నీకు ములింగార్‌లో వినపడి ఉండాలి. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసి నేను కూడా నవ్వాను.

గురువారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఫ్రెంచి వద్దుట. తెలుగు తిట్లు కావాలిట! డీర్‌డ్రా వాళ్ళాయన్ని "శుంఠా" అని పిలుస్తోంది. ఎంత నాజూగ్గా అంటుందనుకున్నావ్, ఆయన "ఎస్, డార్లింగ్" అంటున్నాడు. విజేత పక్కన ముక్కాలిపీట వేసుకుని తర్జుమా చేస్తోంది. సగం తిట్లు దానికీ తెలీవు పాపం.

ముస్యే గారు నవ్వేవారని రాశావు. నువ్వు రాయకపోయినా నాకు తెలుసే. అర్థం నీ దగ్గర ఉంచుకో. ఆ పిలుపు నాది.

నీ గిరిజ

*

ములింగార్,
ఫిబ్రవరి

గిరిజా,

రేడియో వార్తలా! ముప్ఫై ఏళ్ళు ఆ వాక్యాలతోనే పిల్లల్ని పాసు చేయించాను. పాపం, కోస్తా జిల్లాల్లో ఒక తరం ఆడపిల్లలందరూ ఎవరైనా ఫ్రెంచివాడు కనపడితే వార్తలు చదువుతారు కాబోలు.

శుంఠ నాజూకైన మాట అయిందన్నమాట. ఆశ్చర్యమేం లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏది మాట్లాడితే అదే నాజూకు. ఇన్ని శతాబ్దాల చరిత్ర చదివి నేను తేల్చింది ఇంతే, నువ్వు చదవకుండా కూర్చుని తేల్చావు. మన తెలుగుని ఎవరో ఇటలీ భాషతో పోల్చాడని మనవాళ్ళు ఇంకా మురుస్తున్నారు. నీ డీర్‌డ్రా మాత్రం ఎవరితోనూ పోల్చకుండా మొగుణ్ణి తిడుతోంది. నా ఓటు దానికే.

వచ్చే గురువారం నీలిమకి సెలవు. నన్ను మీ వీధి చివర దింపి వెళుతుంది. ముక్కాలిపీట చాలు నాకు, వెనక వరసలో.

పాఠం ఎన్నింటికో రాయి. కావాలనే ఆలస్యంగా వస్తాను. గుమ్మంలో నిలబడతాను. ఏమని పిలవాలో నీకు తెలుసు.

రాజి